వార్షిక నివేదిక 2024–25: వ్యవసాయ విస్తరణ సిబ్బందికి పొలంలో శిక్షణ

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, పని మానుకుని వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన సభ్యులకు ముందుగా నివాళి. టి అండ్ వి (శిక్షణ, సందర్శన) పద్ధతి నడిచిన రోజుల్లో పదిహేను రోజులకోసారి శిక్షణకు కూర్చుని, నేర్చుకున్నది మళ్లీ సైకిల్ మీద ఊరూరా మోసుకెళ్లిన తరం వారిది. ఫలానా వారం ఫలానా ఊరు అంటే వానొచ్చినా ఆ రోజే వెళ్లేవారు. మన సంఘం వారు వేసిన బాట మీదే నడుస్తోంది.

సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది మూడు రకాల వాళ్లకు శిక్షణ ఇచ్చాం. ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు), ఎరువులు పురుగుమందుల దుకాణదారులు, మహిళా సంఘాల నుంచి వచ్చిన చెల్లెళ్లు. దుకాణదారులకు మనం పాఠాలు చెప్పడమేమిటని పోయిన సమావేశంలో కొందరు సభ్యులు గట్టిగానే అడిగారు. దానికి సమాధానం ఇక్కడ నమోదు కావాలి.

మన తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక ఏఈవో. ఆ అమ్మాయో అబ్బాయో ఎంత కష్టపడినా రోజుకు ఎన్ని చేలు చూడగలరు? ముడుచుకున్న మిరపాకు చేతిలో పట్టుకున్న రైతు ముందుగా పోయేది మందుల కొట్టుకే. 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసినప్పుడు ఏం జరిగిందో ఖమ్మం జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. రెండు మూడు మందులు కలిపి కొట్టినవాళ్లు, వారానికి రెండుసార్లు కొట్టినవాళ్లు, చివరికి తోట దున్నేసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఆ రోజుల్లో చాలామందికి సలహా దొరికింది కౌంటర్ దగ్గరే. సలహా ఇచ్చే మనిషికి పురుగు తెలియకపోతే ఆ నష్టం రైతుదే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్ 2003లోనే ఈ సంగతి గుర్తించి డీలర్ల కోసం 'దేశీ' డిప్లొమా మొదలుపెట్టింది. మొత్తం 48 వారాలు. అందులో 40 తరగతి గదిలో, 8 పొలంలో. ఆ ఎనిమిదింటి మీదే మన సంఘం దృష్టి పెట్టింది. గదిలో కూర్చుని స్లైడ్లు చూసినవాడికి పురుగు పేరు వస్తుంది, పురుగు కనపడదు. అందుకే చేలు వెతికి పెట్టడం, చేనులోనే చూసి నేర్చుకునే పొలంబడి నడపడం, పాత ఏవోలను (వ్యవసాయ అధికారులను) తెచ్చి పక్కన నిలబెట్టడం మన బాధ్యతగా తీసుకున్నాం.

పొలంబడి పద్ధతి కొత్తది కాదు. 1989లో ఇండోనేషియాలో వరి సుడిదోమ బాధతో పుట్టి, మన దగ్గరికి వచ్చి చాలా ఏళ్లయింది. అయినా నిధులు రాగానే మొదలై, అయిపోగానే ఆగిపోయే పథకంగానే చాలామందికి గుర్తు. మనం మాత్రం ఒకే చేనును విత్తు నుంచి ఏరేదాకా పట్టుకున్నాం. శిక్షణకు వచ్చినవాళ్లు చేనంతా అడ్డంగా నడిచి, మొక్కలు ఎంచుకుని, ఆకు అడుగు భాగం తిప్పి భూతద్దంతో చూసి లెక్క రాయాలి. తర్వాత చెట్టు కింద చార్టు పరిచి మధ్యలో మొక్క బొమ్మ, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క అక్షింతల పురుగు, సాలీడు, క్రైసోపా లాంటి మిత్ర పురుగులు గీయాలి. ఆ చార్టు చూశాకే మందు మాట ఎత్తాలి. మొదటి రోజు బొమ్మ గీయడానికి సిగ్గుపడిన పెద్దమనుషులు తర్వాత స్కెచ్ పెన్నుల కోసం పోటీపడ్డారు.

మిరప తోటలో మొదటి పాఠం ముడత. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పైముడత, కిందిముడత అని రైతులకు తెలిసిన మాటలే. కానీ తామర పురుగు మందు నల్లికి కొడితే డబ్బు పోయి, ముడత అట్లాగే ఉంటుంది. పదేళ్లుగా మందులమ్ముతున్న ఒక సోదరుడు భూతద్దంలో నల్లిని చూసింది ఆ రోజే మొదటిసారి. ఆయన చాలాసేపు ఆకు వదల్లేదు. డబ్బా మీది త్రిభుజాల మీద కూడా గట్టిగా పట్టుబట్టాం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, వీటిలో ఏది ఎంత విషమో నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మహిళా సంఘాల చెల్లెళ్లు అందరికంటే ముందు నేర్చుకున్నారు. మందు కలిపే బకెట్టు కడిగేదీ, కొట్టిన బట్టలు ఉతికేదీ వాళ్లే కదా.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మం పక్కన పారే మున్నేరు పొంగింది. ఖమ్మం కాలనీల సంగతి దేశమంతా చూసింది, చేలల్లో ఇసుక మేటల సంగతి అంతగా బయటికి రాలేదు. మన బ్యాచ్ తరగతులు ఆపేసి చేలల్లోకి దిగింది. నిలిచిన నీరు బయటికి తీయించడం మొదటి పని. తేరుకునే పత్తికి నీటిలో కరిగే ఎరువులు 19-19-19 గానీ 13-0-45 గానీ లీటరు నీటికి పది గ్రాముల చొప్పున పిచికారీ, వడలిపోతున్న మొక్కల మొదళ్లలో తెగులు మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు పోయించడం, ఈ రెండు సలహాలనూ కాగితం మీద రాసి ఇంటింటికీ ఇచ్చారు. తమ దుకాణంలోకి నీళ్లొచ్చి సరుకు పోయినవాళ్లు కూడా ఆ బ్యాచ్‌లో ఉన్నారు. వాళ్లు కూడా వచ్చారని ఈ నివేదికలో రాయడం నా ధర్మం.

ఇక అక్టోబర్‌లో జరిపిన పొలం దినోత్సవం. ఈ ఏడాది మన సంఘం తలెత్తుకుని చెప్పుకోగల రోజు అదే. పత్తి చేనులో మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు రెండు పెట్టి, గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులను రోజూ లెక్కించిన పుస్తకం గట్టు మీద ఉంచాం. ఆ రోజు అధికారులు, మాజీ అధికారులు ఎవరూ మైకు పట్టకూడదని ముందే నిర్ణయించాం. శిక్షణ పొందినవాళ్లే చుట్టుపక్కల రైతులకు చెప్పాలి, అడిగినదానికి జవాబివ్వాలి. ఒక డీలరు పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు కోసి, రేకులు విప్పి, లోపలి పురుగును అందరికీ చూపిస్తూ, ఈ చేనుకు ఇప్పుడే మందు అక్కర్లేదన్నాడు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "మందులమ్మేటోడివి నువ్వే, కొట్టొద్దంటున్నవేంది బిడ్డా?" అని నిలదీసింది. ఆయన తడబడలేదు. "బుట్టలో ఒక్క రాత్రికి ఎనిమిది పడాలి, అట్లా వరసగా మూడు రాత్రులు పడాలి. అప్పుడు నేనే వచ్చి చెప్తానమ్మా. అప్పటిదాకా పైసలు ఇంట్లోనే ఉంచుకో" అన్నాడు. తర్వాత ఆవిడే లెక్కల పుస్తకం తెప్పించుకుని మనవడితో చదివించుకుంది. ఆ డీలరు మాట ఆ ఊళ్లో మన మాట కంటే ఎక్కువ దూరం పోతుంది. మనం అడిగిందీ అదే.

ఇప్పుడు బాధ కలిగించే విషయాలు. పొలంబడికి వస్తామని చేతులెత్తి పేరు రాయించుకున్న సభ్యుల్లో సగం మంది మొహం చూపించలేదు. ఫోన్ చేస్తే పెళ్లి అనేవారు ఒకరు, మోకాళ్ల నొప్పి అనేవారు ఒకరు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ వేసుకుని గట్టు మీద కూర్చున్నా చాలు, వాళ్ల అనుభవమే మాకు కావాలి. ఫొటో దినం మాత్రం అందరూ వచ్చారు. రాకపోయినవారి పేర్లు రాయడం లేదు, వారికి తెలుసు.

ఏఈవోల విషయం ఇంకా కష్టంగా ఉంది. వాళ్లకు నేర్చుకోవాలనే ఆశ ఉంది, ఆ ఆశను నిలబెట్టే తీరిక ఎవరూ ఇవ్వడం లేదు. పంటల నమోదు, సర్వేలు, యాప్‌లో ఫొటోలు, అర్జంటు మీటింగులతోనే వారం గడిచిపోతుంది. ఒక పాఠం మధ్యలో ఫోన్ వచ్చి బ్యాచ్‌లోని ఏఈవోలందరూ లేచి వెళ్లిపోయారు. సిబ్బందిని ఒక్క పూట కేటాయించమని సంబంధిత కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. రైతుల సమావేశాల కోసం కట్టిన రైతు వేదిక తాళం కోసం ఎండలో నిలబడిన ఉదయం కూడా ఉంది. రైతుకు సలహా చెప్పే మనిషిని నియమించి, అతణ్ని చేనుకు పోనివ్వకుండా కాగితాలకు కట్టేస్తే విస్తరణ అన్న మాట బోర్డు మీదే మిగులుతుంది.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో సభ్యులందరికీ ముందే అందింది. భూతద్దాలు, చార్టులు, బుట్టలు, భోజనాలు, ఆటో కిరాయిలకే ఎక్కువ ఖర్చయింది. కొందరి సభ్యత్వ రుసుము ఇంకా రావాలి. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

చేను ఇచ్చి, మా నడకకు తొక్కిపోయిన సాళ్ల గురించి ఒక్క మాట అనని రైతు దంపతులకు, గట్టు మీదికే అన్నం, పచ్చిపులుసు మోసుకొచ్చిన మహిళా సంఘం అక్కలకు, డబ్బు తీసుకోకుండా షామియానా వేసిన తమ్ముడికి, వరద రోజుల్లో ట్రాక్టరు ఇచ్చిన యువకులకు, పిలవగానే వచ్చిన శాస్త్రవేత్తలకు, పాఠాలు టైపు చేసి జిరాక్సులు తీసిన కుర్రాళ్లకు, పేరు మర్చిపోయిన ప్రతి ఒక్కరికీ సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు మీ ముందు ఉంచుతోంది. వానాకాలం పత్తితో పాటు యాసంగి మొక్కజొన్నలో కత్తెర పురుగు మీద కూడా పొలంబడి పెట్టాలి. శిక్షణ పొందిన చెల్లెళ్లలో ముందుకొచ్చిన వారిని వచ్చే బ్యాచ్‌కు బోధకులుగా నిలబెట్టాలి. ఒక బ్యాచ్‌నైనా పాల్వంచ మండలం పునుకుల తీసుకెళ్లాలి. పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయిన ఆ ఊరు ఇరవై ఏళ్ల కిందటే వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయాలతో పత్తి పండించి చూపించింది. మన పాత ఖమ్మం జిల్లాలోనే ఉన్న ఆ రైతులతో మన వాళ్లు ఒక్క పూట కూర్చుని మాట్లాడాలి.

ఈ మూడింటికీ మనుషులు కావాలి. వారానికి ఒక ఉదయం ఇవ్వగలిగినవారు భోజన విరామంలోపు నా దగ్గరున్న పుస్తకంలో పేరు, ఏ వారం వస్తారో రాయండి. ఈసారి వారం కూడా రాయాల్సిందే.

ఇట్లు,
కార్యదర్శి