ఆరిపోయిన కొవ్వొత్తుల గురించి

యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం ప్రార్థనలో వెలిగిస్తామని మా దగ్గర కొవ్వొత్తులు కొన్నవాళ్లకే ఇది రాస్తున్నాను. సగం కూడా కాలకుండానే ఆరిపోయాయని చాలామంది చెప్పారు. నిజమే. తప్పు మాదే.

"మూడుసార్లు వెలిగించాను, మూడుసార్లూ ఆరిపోయింది. నా ప్రార్థన చేరలేదేమో" అని ఒకావిడ రాశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మా, అది అపశకునం కాదు, లోపం మా వత్తిలోనే ఉంది. లావు కొవ్వొత్తిలో సన్న వత్తి పెడితే కరిగిన మైనాన్ని అది పీల్చుకోలేదు. చుట్టూ మడుగు కట్టి మంట అందులోనే మునిగిపోతుంది. మేం అడిగిన మందం ఒకటి, ఇన్నేళ్లుగా వత్తులిస్తున్నాయన పంపింది ఇంకొకటి. కొత్త సరుకు రాగానే ఒకటి చివరిదాకా కాల్చి చూస్తాం. ఈసారి తొందరలో చూడలేదు.

ఫోన్ చేస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "ప్రార్థన కొవ్వొత్తులే కదా, చివరిదాకా ఎవరు కాలుస్తారు?" ఆ ఒక్క మాటతో ఆయనకో దండం పెట్టేశాను. సరుకు మార్చి ఇస్తానన్నాడు, వద్దన్నాను. మొండితనం అంటే అనండి.

ఇక డబ్బు సంగతి. అమ్మకంలో సగం ఆ పిల్లల సహాయానికి ముందే ఇచ్చేశాం. ఆ సగం మినహాయించి మిగతాదే మీకు వెనక్కివ్వమని మా లెక్కలు చూసేవాళ్లు చెప్పారు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. చివరికి మొత్తం తిరిగిస్తున్నాను, సహాయానికి ఇచ్చింది నా ఖాతాలో రాసుకుంటున్నాను. "విరాళం అనుకోండి" అని కొందరన్నారు. మీ మంచితనం సరే, నేనమ్మింది కొవ్వొత్తి, అది వెలగాలి.

"ఏ వైపు పిల్లలకు ఇచ్చారు?" అనీ అడిగారు. యుద్ధంలో మామూలు జనాన్ని కాపాడాలని దేశాలు చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో 24వ అధికరణం ఉంది. యుద్ధం వల్ల అనాథలైన, అయినవాళ్లకు దూరమైన 15 ఏళ్లలోపు పిల్లలకు పోషణ, చదువుతో పాటు వాళ్ల మతం వాళ్లు పాటించుకునే వీలూ ఉండాలంటుంది. 12 ఏళ్లలోపు పిల్లలందరికీ గుర్తింపు బిళ్లలు వేసేందుకు ప్రయత్నించాలని కూడా ఉంది. పిల్ల మెడలో బిళ్ల! అది చదివాక ఈ వైపా ఆ వైపా అన్న లెక్క నాకు తోచలేదు.

ఇంకొకరి దగ్గర నమూనా వత్తులు తెప్పించాను. ఇది రాస్తుంటే ఒకటి బల్ల మీద నాలుగో గంట వెలుగుతోంది. అడుగుదాకా కాలాకే మళ్లీ అమ్మకం.