లక్షద్వీప్‌లో నేల స్థానికులది, డైవింగ్ వ్యాపారం ఎవరిది?

సంపాదకుడు గారికి,

అయ్యా,

లక్షద్వీప్ పర్యాటక విస్తరణపై మీ పత్రికలో వచ్చిన కథనం గదుల గురించీ విమానాల గురించీ వివరంగా చెప్పింది గానీ, ఆ గదుల్లో దిగినవారిని పగడపు దిబ్బల దగ్గరికి తీసుకెళ్లే డైవింగ్ కేంద్రాలు ఎవరి యాజమాన్యంలో ఉండాలన్న ప్రశ్నను ముట్టుకోలేదు.

అక్కడి స్థానిక గిరిజనుల భూమి బయటివారి చేతుల్లోకి పోకుండా 1964 నాటి నిబంధన అడ్డుకట్ట వేసింది. 2011 లెక్కల ప్రకారం 64,473 మంది ఉన్న ఆ దీవుల్లో నూటికి తొంభై నలుగురికి పైగా షెడ్యూల్డ్ తెగలవారే కాబట్టి అది న్యాయమే. అయితే డైవింగ్ వ్యాపారానికి భూమి కొననక్కర్లేదు. ప్రభుత్వం లీజుకిచ్చిన కాస్త జాగా, ఒక పడవ, సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ ఉంటే చాలు. సుహేలీ, కడ్మత్ దీవుల్లో రెండు రిసార్టులకు తాజ్ హోటళ్ల సంస్థ 2023 జనవరిలో ఒప్పందాలు ప్రకటించింది. అందులో తప్పేమీ లేదు. పెద్ద హోటల్ కట్టే స్తోమత దీవివాసులకు లేకపోవచ్చు, పడవ నడిపే స్తోమత మాత్రం తరతరాలుగా ఉంది.

డైవింగ్ నేర్చుకోవడానికి నేను కడ్మత్ వెళ్లినప్పుడు, పోటు తగ్గిన వేళ దిబ్బల మధ్య సన్నని సందులోంచి మా పడవను బయటికి తీసిన సరంగు ఏ పరికరమూ చూడలేదు. నిలబడి నీటి రంగు చూస్తూ, కాలితోనే చుక్కాని తిప్పాడు. ఆయనది రోజుకూలీ అని తరువాత తెలిసింది.

అందుచేత డైవింగ్ లైసెన్సు పొందే ప్రతి సంస్థలోనూ సగానికి మించిన వాటా దీవివాసులదే కావాలని నా అభిప్రాయం. కాగితం మీద వాటా ఉంటే చాలదని మన మన్యం ఎప్పుడో నేర్పింది. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం ఉన్నా ఏజెన్సీలో గిరిజనుడి పేరు బోర్డు మీదా, పెత్తనం మైదానం ఆసామి చేతిలోనూ ఉండే బినామీ బాగోతం విశాఖ జిల్లావాళ్లకు కొత్తేమీ కాదు. థాయ్‌లాండ్‌లోనూ 1999 చట్టం అనేక వ్యాపారాల్లో విదేశీయుల వాటాను సగం లోపుకే కట్టడి చేసినా, పేరుకు మాత్రమే ఉండే స్థానిక వాటాదారులతో దాన్ని దాటే పద్ధతి అక్కడ నలుగురికీ తెలిసిందే. కాబట్టి బ్యాంకు ఖాతాపై సంతకం ఎవరిది, లాభం ఎవరికి చేరింది అన్నవి ఏటా తనిఖీ చేయాలి.

భద్రత సంగతేమిటని కొందరు అడుగుతారు. అది సహేతుకమైన ప్రశ్నే. ఆక్సిజన్ కిట్టు, అర్హత గల శిక్షకుడు లేని కేంద్రం స్థానికుడిదైనా సరే మూయించాల్సిందే. కానీ శిక్షణకు, కంప్రెసర్‌కు అప్పు ఇప్పించకుండా “అర్హులు దొరకలేదు” అనడం మాత్రం నాకు సాకులాగే తోస్తుంది.

దీవివాసులు తరతరాలుగా అనుభవిస్తున్నా ప్రభుత్వం తనవేనంటున్న పండారం భూములపై 2024లో రేగిన వివాదంతో దీవుల్లో అపనమ్మకం ఇప్పటికే పెరిగింది. డైవింగ్ లీజుల షరతులు ఖరారు చేయకముందే వాటి ముసాయిదాను మలయాళంలోనూ, మినికాయ్ దీవివారికోసం వారి భాష మహల్‌లోనూ ప్రచురించి, అభ్యంతరాలు చెప్పడానికి కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా పాలనాయంత్రాంగాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం