పాత కారు ఎప్పుడు తయారైంది? కాగితంలో ఒక్క సంవత్సరం చాలదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాత కార్ల ప్రదర్శన వార్తల్లో, వేలం ప్రకటనల్లో, అమ్మకం కాగితాల్లో కారు పేరు పక్కన ఒక సంవత్సరం వేస్తారు. అది దేని సంవత్సరమో ఎవరూ చెప్పరు. ఆ ఏడాది కారు ఫ్యాక్టరీలో తయారైందా, ఫ్యాక్టరీ గేటు దాటిందా, మొదటిసారి రిజిస్టర్ అయిందా, లేక కంపెనీ దాన్ని ఆ సంవత్సరం మోడల్‌గా అమ్మిందా? ఇవి నాలుగు వేర్వేరు తేదీలు. వాటి మధ్య కొన్ని నెలల తేడా మామూలే, ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది. చారిత్రక వాహనమన్న గుర్తింపు, పోటీల్లో తరగతి, చివరికి ధర కూడా ఆ ఒక్క అంకె మీదే నడుస్తున్నాయి. అందుకే రిజిస్ట్రేషన్ పత్రాల్లో తయారీ తేదీకి విడిగా గడి ఉండాలని, దాని పక్కనే ఆధారం ఏమిటో రాయాలని కోరుతున్నాం.

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వర్గీకరణలో 1919 నుంచి 1930 దాకా తయారైనవి ఒక తరగతి, 1931 నుంచి 1945 దాకా తయారైనవి ఇంకో తరగతి. 1930 డిసెంబరులో తయారై 1931 మార్చిలో రిజిస్టర్ అయిన కారు ఏ తరగతిలోకి వస్తుంది? రిజిస్ట్రేషన్ తేదీ చూసి తేలిస్తే తప్పు తరగతిలో పడుతుంది. లండన్ నుంచి బ్రైటన్‌కు సాగే వెటరన్ కార్ల యాత్రకు 1905 జనవరి 1 కంటే ముందు తయారైన కార్లే అర్హమైనవి. అక్కడ కొన్ని వారాల తేడాతో ఒక కారు లోపలికి వస్తుంది, మరొకటి బయటే ఉండిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం మోడల్ సంవత్సరంతో వస్తుంది. ఫోర్డ్ మస్టాంగ్ తయారీ 1964 మార్చి 9న మొదలైంది, అమ్మకం ఏప్రిల్ 17న. కానీ ఆ మొదటి కార్ల నంబర్లు కూడా 5 అంకెతోనే మొదలవుతాయి, అంటే కంపెనీ లెక్కలో అవన్నీ 65 మోడళ్లే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ విషయంలో వేసవి సెలవులయ్యాక ఆగస్టు నుంచి కొత్త మోడల్ లెక్కలోకి వచ్చేది. 1964 ఆగస్టు నుంచి వాడిన తొమ్మిదంకెల ఛాసిస్ నంబరులో మొదటి రెండు అంకెలు కారు రకాన్ని, మూడోది మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. 115తో మొదలైన తొమ్మిదంకెల నంబరు ఉంటే ఆ బీటిల్ 65 మోడల్ అని ఖాయంగా చెప్పొచ్చు. అది 1964 అక్టోబరులో తయారై ఉండొచ్చు, 1965 మేలోనూ తయారై ఉండొచ్చు. దాన్ని '1965లో తయారైంది' అని రాయడానికి మూడో అంకె ఒక్కటే సరిపోదు.

తర్వాతి కార్లకు ఉండే పదిహేడు అక్షరాల గుర్తింపు నంబరు ఉంటే పని తేలిక అనుకుంటారు. అమెరికాలో అది 1981 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. అక్కడి పద్ధతిలో పదో స్థానం మోడల్ సంవత్సరానిది: బి అంటే 1981, సి అంటే 1982. ముప్పై ఏళ్లకు అవే గుర్తులు మళ్లీ వస్తాయి కాబట్టి బి 2011 కూడా అవుతుంది. ఐరోపా కంపెనీలు చాలావరకు పదో స్థానాన్ని ఆ పనికి వాడలేదు. వాటికి అమెరికా పట్టిక పెట్టి చదివితే వచ్చే జవాబు ఉత్త కల్పన. పైగా అమెరికా పద్ధతిలో కూడా ఆ స్థానం చెప్పేది మోడల్ సంవత్సరమే, తయారీ తేదీ కాదు.

ఇక నంబరు చదవడం. ముందుగా చూడాల్సింది ఛాసిస్ మీద గుద్దిన నంబరు. మరలతో బిగించిన రేకు ప్లేటు ఒక కారు నుంచి ఇంకో కారుకు సులువుగా మారిపోతుంది కాబట్టి ప్లేటును రెండో సాక్ష్యంగానే తీసుకోవాలి. బీటిల్‌లో గుద్దిన నంబరు వెనక సీటు కింద, మధ్య గొట్టం మీద ఉంటుంది. ఫోర్డ్ మోడల్ టీలో ఇంజిన్ ఎడమవైపు, నీటి గొట్టం ఇంజిన్ బ్లాకులోకి వచ్చే చోటుకు పైన ఉంటుంది. గ్రీజు, మురికి పోవడానికి కిరోసిన్, నైలాన్ బ్రష్ చాలు. పెయింటు ఉంటే రిమూవర్ పూసి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ ముక్కతో గీకాలి. వైర్ బ్రష్, ఎమెరీ కాగితం, గ్రైండర్, ఇసుక బ్లాస్టింగ్ (ఇసుకను బలంగా చిమ్మి శుభ్రం చేయడం) ఆ చోటికి రానివ్వకూడదు. అవి అంకెల లోతుతో పాటు చుట్టూ ఉన్న అసలు మెషీన్ గీతలను కూడా చెరిపేస్తాయి. ఆ గీతలు పోయాక నిజమైన నంబరు కూడా తిరగగొట్టిన నంబరులా కనిపిస్తుంది, తర్వాత పరిశీలించేవారు దాన్ని నమ్మరు.

శుభ్రం చేశాక టార్చిని పక్కనుంచి, వాలుగా పట్టుకుని ఫొటో తీయాలి. ఎదురుగా వెలుతురు పడితే నీడ ఉండదు, అంకె కనిపించదు. ఆ తర్వాత పలచటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసుకోవాలి. 3, 8 మధ్య, 5, 6 మధ్య అనుమానం వస్తే రెండు రకాలుగానూ రాసి పెట్టుకోవాలి, నచ్చినదాన్ని ఎంచుకోకూడదు. అంకెలు వంకరగా ఉన్నంత మాత్రాన నకిలీ అనడం కూడా తొందరపాటే. చాలా ఫ్యాక్టరీల్లో సుత్తితో, చేత్తోనే గుద్దేవారు. అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి: చుట్టూ వెల్డింగ్ గీత, పక్క లోహం కంటే పల్లంగా, నున్నగా ఉన్న చోటు, అంకెల కింద లీలగా కనిపించే వేరే అంకెలు.

నంబరు చేతికొచ్చాక దాన్ని ఫ్యాక్టరీ రికార్డుతో పోల్చాలి. ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆస్టిన్, మోరిస్, ఎంజీ వంటి కార్ల రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. జాగ్వార్‌కు సొంత హెరిటేజ్ ట్రస్టు ఉంది. అన్ని మోడళ్ల పుస్తకాలూ మిగల్లేదు. మిగిలినవాటిలోనూ తయారైన తేదీ, ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీ విడివిడిగా ఉంటాయి. ఆ రెండూ కలిపి చదవకూడదు. విడిభాగాలుగా పెట్టెల్లో ఓడెక్కి, వేరే దేశంలో బిగించిన కార్లకు రికార్డులో ఉండేది పెట్టె బయల్దేరిన తేదీ. కారు కారుగా నిలబడింది నెలల తర్వాత.

రికార్డు లేనప్పుడు చాలామంది 'ఏ సంవత్సరం ఏ నంబరుతో మొదలైంది' అనే పట్టిక తీసి, నంబర్లను పన్నెండు నెలలకు సమంగా పంచి నెల కూడా చెప్పేస్తారు. ఉత్పత్తి ఎక్కడా అంత సమంగా సాగలేదు. సమ్మెలు, వేసవి మూత, మోడల్ మార్పు కోసం లైన్ ఆపడం ఉండేవి. ఒక్కో ఫ్యాక్టరీకి నంబర్లు ముందే కట్టలుగా కేటాయించడమూ ఉండేది. ఆ పట్టికతో సంవత్సరం వరకు చెప్పొచ్చు, నెల చెప్పకూడదు. మోడల్ టీ విషయంలో ఇంకో చిక్కుంది. రికార్డులో ఉన్నది ఇంజిన్ తేదీ. ఇంజిన్లు దూరంలోని బిగింపు కేంద్రాలకు వెళ్లి అక్కడ కార్లయ్యేవి. 1927 మే 26న కారు ఉత్పత్తి ఆగినా, మార్పిడి కోసం ఆ ఇంజిన్ల తయారీ 1941 దాకా సాగింది. కాబట్టి 1927 తర్వాతి ఇంజిన్ నంబరున్న మోడల్ టీ ఆ తర్వాత తయారైన కారు కాదు, ఇంజిన్ మారిన కారు.

కారు దాని అసలు భాగాలన్నిటికంటే తర్వాతే తయారవుతుంది. విడిభాగాల మీది తేదీలను ఈ ఒక్క సూత్రంతోనే చదవాలి. 1960ల ఫోర్డ్ పోత భాగం మీద 5సీ14 అని ఉంటే 1965 మార్చి 14న పోసినట్టు: ముందు సంవత్సరం చివరి అంకె, తర్వాత నెల అక్షరం, తర్వాత రోజు. నెలల అక్షరాల్లో ఫోర్డ్ 'ఐ'ని వదిలేసింది కాబట్టి సెప్టెంబరు 'జే' అవుతుంది. జనరల్ మోటార్స్ పోతల్లో నెల అక్షరం ముందు, రోజు తర్వాత, సంవత్సరం చివర. అక్కడ సెప్టెంబరు 'ఐ'యే. ఒకరి పద్ధతితో ఇంకొకరి అంకెలు చదివితే నెలలు తారుమారవుతాయి. ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి జరుగుతుంటుంది. అదే భాగం మీద సీ5ఏఈతో మొదలయ్యే పెద్ద అక్షరాలుంటాయి. అది డిజైన్ నంబరు. సీ అంటే 1960లు, 5 అంటే 1965లో రూపొందించారని. ఆ డిజైన్‌తో తర్వాతి సంవత్సరాల్లోనూ పోస్తారు. తేదీ అనుకుని ఆ నంబరు చదివి ధ్రువపత్రాలు రాస్తున్నవారు ఉన్నారు. అయితే దాని వల్ల ఒక ఉపయోగం ఉంది. తేదీలోని 5 అంకె 1955దా, 1965దా అన్న సందేహం అది తీరుస్తుంది.

బ్రిటిష్ కార్లలో లూకాస్ కంపెనీ చేసిన డైనమో, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఒంటి మీద తేదీ గుద్ది ఉంటుంది. ట్రిప్లెక్స్ కంపెనీ అద్దం మూలలో అక్షరాల దగ్గర పెట్టిన చుక్కలు సంవత్సరం చివరి అంకెను, ఆ ఏడాదిలో ఎన్నో త్రైమాసికమో చెబుతాయి. అద్దాలన్నీ చూడాలి. ముందు అద్దం పగిలి మారడం ఎక్కువ కాబట్టి దాన్ని చివర నమ్మాలి. మిగతావన్నీ ఒకే త్రైమాసికం చూపిస్తే అది బలమైన సాక్ష్యం. టైర్లు, బ్యాటరీ తేదీలు కారు వయసుకు పనికిరావు.

ఉదాహరణకు ఒక కారు ఇంజిన్ బ్లాకు 1965 మార్చి 14న పోసినది, పక్క అద్దాలన్నీ ఆ ఏడాది రెండో త్రైమాసికానివి, మొదటి రిజిస్ట్రేషన్ సెప్టెంబరు 2 అనుకుందాం. అద్దాలు అసలువే అయితే ఆ కారు ఏప్రిల్‌కు ముందు తయారు కాలేదు, సెప్టెంబరు 2 తర్వాతా కాలేదు. 'ఏప్రిల్–సెప్టెంబరు 1965, విడిభాగాలు, రిజిస్ట్రేషన్ ఆధారంగా' అని రాయడమే నిజాయితీ. ఒక భాగం తేదీ రిజిస్ట్రేషన్ తర్వాత పడిందంటే ఆ భాగం మారిందని అర్థం, కారు వయసు మారిందని కాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్-రాయిస్ ఇంజినుతో కూడిన ఛాసిస్ మాత్రమే తయారుచేసేది, బాడీని వేరే సంస్థ కట్టేది. ఛాసిస్ ఒక ఏడాదిది, బాడీ ఇంకో ఏడాదిది కావచ్చు, పదేళ్ల తర్వాత వేరే బాడీ ఎక్కి ఉండొచ్చు. అటువంటి కారుకు రెండు తేదీలూ రాయక తప్పదు.

అందుకని రిజిస్ట్రేషన్ అధికారులను కోరేది ఇది. తయారీ తేదీ, మోడల్ సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ వేర్వేరు గళ్లలో ఉండాలి. తయారీ తేదీ పక్కన 'ఫ్యాక్టరీ రికార్డు', 'నంబర్ల పట్టిక', 'విడిభాగాల అంచనా' అనే మూడు ఆధారాల్లో ఏదో ఒకటి నమోదు కావాలి. రోజు తెలియనప్పుడు జనవరి 1 అని నింపే బదులు రెండు తేదీల మధ్య కాలం రాసే వీలు ఇవ్వాలి. అలా నింపిన జనవరి 1 పదేళ్ల తర్వాత అసలు తేదీగా చలామణీ అవుతుంది, అప్పుడు దాన్ని దిద్దడం దాదాపు అసాధ్యం. తనిఖీలో తీసిన పెన్సిల్ ప్రింటును, ఫొటోను ఫైలులో భద్రపరచి, తర్వాతి యజమాని అడిగితే నకలు ఇవ్వాలి.

కార్ల కంపెనీలు తమ పాత పుస్తకాలను స్కాన్ చేసి, నంబరుతో వెతుక్కునేలా అందరికీ తెరవాలి. పునరుద్ధరణ చేసే వర్క్‌షాపులు నంబరున్న చోట టేపు వేసి, ఆ తర్వాతే బ్లాస్టింగ్ మొదలుపెట్టాలి. మీ పత్రిక కూడా పాత కార్ల వార్తల్లో '1965 కారు' అని వేసే ముందు అది 65 మోడలా, 1965లో తయారైనదా అని యజమానిని అడిగి, తెలిసినది మాత్రమే అచ్చువేయాలని మనవి.

ఇట్లు,
పాత వాహనాల తేదీలు పరిశీలించే పాఠకులు