గడప ఎత్తు కొలిచి పంపిన ఆ పెద్దావిడకు కృతజ్ఞతలు

గ్రీసులోని కోస్ ద్వీపం నుంచి నిన్న తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో ఇంటికి చేరాము. పెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. నాన్నగారి చక్రాల కుర్చీ ముందు చక్రాల సందుల్లో ఇరుక్కున్న ఇసుకను కూడా దులపలేదు, నిజం చెప్పాలంటే దులపబుద్ధి కావడం లేదు. మూడు రాత్రులుగా సరైన నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అయినా ఒకసారి పడుకుని లేస్తే రోజువారీ పనుల్లో పడి ఈ మాటలు వాయిదా పడిపోతాయన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మా నాన్నగారు కోనసీమలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా 31 సంవత్సరాలు పనిచేశారు. మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మా చెల్లెలు జర్మనీలో ఉంటోంది, ఈ ఏడాది తను ఇక్కడికి రాలేని పరిస్థితి. అందుకని అందరం మధ్యలో ఎక్కడైనా కలుసుకుని వారం రోజులు కలిసి ఉందామనుకున్నాము. ఎక్కడికి వెళ్దామని నాన్నగారిని అడిగితే, గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి కదా, "ఏదైనా ఒక లంకకు తీసుకెళ్ళండమ్మా, సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చుంటాను" అన్నారు. అంతకు మించి ఆయన ఏమీ కోరలేదు.

ఐరోపాలో లంకలకు కొదవ లేదు. కానీ చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషిని మనసులో పెట్టుకుని ఆ పటం చూడడం మొదలుపెడితే ఒక్కొక్కటే చేజారిపోతుంది. అమ్మ మనసు మొదటి నుంచీ గ్రీసులోని శాంటోరిని ద్వీపం మీదే ఉండేది. ఆ తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు చూసి ముచ్చటపడని వారెవరు? అయితే ఆ ఊళ్ళు అగ్నిపర్వతం పేలి కూలిపోగా మిగిలిన కొండ అంచున కట్టినవి. ఫిరా పట్టణం నుంచి పాత రేవుకు 580కి పైగా మెట్లు ఉన్నాయి. పక్కనే కేబుల్ కారు ఉన్న మాట నిజమే కానీ, సముద్రం కనిపించే గదుల్లో చాలావాటికి వెళ్ళాలన్నా మెట్లే దిగాలి. పైగా 2025 ఆరంభంలో అక్కడ వారాల తరబడి భూమి కంపించి, 11 వేల మందికి పైగా ద్వీపం వదిలి వెళ్ళారని చదివాక అమ్మే "వద్దులే" అంది.

తరువాత మాల్టా గురించి ఆలోచించాము. ఇంగ్లీషు అక్కడ అధికార భాషల్లో ఒకటి, వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. రేవు నుంచి కోట మీది తోటకు 58 మీటర్ల ఎత్తున్న లిఫ్టు కూడా ఉంది. కానీ రాజధాని వాలెట్టాలో వాలు లేని వీధి వెతుక్కోవాలి, కొన్ని వీధులైతే పూర్తిగా మెట్లే. మదీరా పూలు చూస్తే ప్రాణం లేచివచ్చింది, అయితే ఆ ద్వీపమే ఒక కొండ. క్రీట్ 260 కిలోమీటర్ల పొడవున్న పెద్ద ద్వీపం, నాన్నగారు గంటన్నరకు మించి కారులో కూర్చోలేరు. ఇలా ఒక్కొక్కదాన్నీ కొట్టేస్తూ పోతుంటే, ఒక దశలో, ఆయనకు ఇంట్లోనే ఉండమని చెబితే పోతుందేమో అన్న ఆలోచన నాకు వచ్చింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఆ దశలో నాలుగు ద్వీపాల్లోని 11 బసలకు ఒకే ఉత్తరం రాశాను: మా నాన్నగారు నడవలేరు, మీ గుమ్మంలో మెట్లు ఉన్నాయా, స్నానాల గది తలుపు వెడల్పు ఎంత? చెల్లెలు ఉండే ఊరి నుంచి వేసవిలో నేరుగా విమానం ఉందన్న ఒక్క కారణంతో గ్రీసుకు చెందిన కోస్ ద్వీపాన్ని చివరలో చేర్చాను. ఆరుగురు జవాబే ఇవ్వలేదు. నలుగురు "ఏ ఇబ్బందీ లేదు, రండి, ముందుగా డబ్బు కట్టండి" అని రాశారు. కోస్ పట్టణంలో చిన్న అతిథిగృహం నడుపుతున్న ఒక పెద్దావిడ మాత్రం ఇలా రాశారు: "మా ఇంటికి ఏడు మెట్లు ఉన్నాయి. మీ నాన్నగారిని ఇక్కడికి తీసుకురావద్దు. ఆ తేదీల్లో గది ఖాళీ కూడా లేదు. కానీ మా పట్టణం చదునుగా ఉంటుంది. ఆయన కుర్చీ వెడల్పు ఎంతో చెప్పండి, నేను చూసి చెబుతాను."

వద్దు అని చెప్పింది ఆవిడ ఒక్కరే. నేను నమ్మింది కూడా ఆవిడనే.

కుర్చీ వెడల్పు 63 సెంటీమీటర్లు అని రాశాను. మూడు రోజుల తరువాత ఆవిడ నుంచి 14 ఫొటోలు వచ్చాయి. ప్రతి ఫొటోలోనూ పసుపు రంగు టేపు ఉంది. ఒక హోటలు గడప దగ్గర టేపు నిలువుగా పెట్టి 18 సెంటీమీటర్లు అని చూపించారు, కింద "వీరు మెట్లు లేవని చెబుతారు, నమ్మవద్దు" అని రాశారు. ఇంకొక చోట స్నానాల గది తలుపు 60 సెంటీమీటర్లే. మూడో చోట గడప నేలకు సమానంగా ఉంది, తలుపు 82 సెంటీమీటర్లు, కమోడు పక్కన పట్టుకోవడానికి కుడివైపు కడ్డీ ఉంది. ఆ ఫొటో కింద ఆవిడ "కడ్డీ కుడివైపు ఉంది, ఆయనకు పనిచేసే చెయ్యి ఏది?" అని అడిగారు. నేను ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. సొంత మనుషులకు కూడా తట్టని ప్రశ్న ఆవిడకు తట్టింది. ఆఫీసులో కూర్చుని ఆ మాట చదివి, కళ్ళ నీళ్ళు ఆగక లేచి వరండాలోకి వెళ్ళిపోయాను.

ఆ పట్టణం ఎందుకు అంత అనువుగా ఉందో కూడా ఆవిడే వివరించారు. 1933 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపంలో పాత ఊరు చాలావరకు కూలిపోయింది. అప్పుడు ఆ ద్వీపాలు ఇటలీ ఏలుబడిలో ఉండేవి. శిథిలాలు తొలగించినప్పుడు కింద ప్రాచీన నగరం బయటపడింది, కొత్త ఊరిని వెడల్పాటి వీధులతో ప్రణాళిక ప్రకారం కట్టారు. రేవు పక్కనంతా చదును నేల, సైకిళ్ళకు ప్రత్యేకమైన దారి ఉంది. సైకిలు నడిచిన చోట కుర్చీ నడుస్తుంది అని ఆవిడ రాసిన వాక్యమే మా నిర్ణయం. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్తేమి గాలి బలంగా వీస్తుందనీ, సెప్టెంబరులో అది తగ్గినా నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయనీ చెప్పి తేదీలు కూడా మార్పించారు.

అంతటితో ఆగలేదు. గ్రీసు తీరాల్లో చాలాచోట్ల సీట్రాక్ అనే ఏర్పాటు ఉంటుంది. సౌరశక్తితో పనిచేసే కుర్చీ ఒకటి పట్టాల మీద జారుతూ మనిషిని మెల్లగా నీళ్ళలోకి తీసుకెళ్ళి, మళ్ళీ ఒడ్డుకు చేరుస్తుంది. అది కాగితం మీద ఉండడం వేరు, పనిచేస్తూ ఉండడం వేరు అని, మేము బయలుదేరే వారం ముందు ఆవిడ స్వయంగా ఆ తీరానికి వెళ్ళి, ఖాళీ కుర్చీని నీళ్ళలోకి పంపి వెనక్కు రప్పించి వీడియో తీసి పంపారు. మాంసం తినమని తెలిసి, "నిస్తీసిమో" అనే మాట నేర్పించారు. వారి ఉపవాస దినాల్లో తినే, మాంసమూ పాల పదార్థాలూ లేని వంటకు ఆ పేరు. ఆ ఒక్క మాటతో అమ్మ వారమంతా కడుపు నిండా తిన్నది. టమాటా పులుసులో మగ్గించిన పెద్ద చిక్కుడు గింజలు, నిమ్మరసం పిండిన ఆకుకూరలు, అచ్చం ముద్దపప్పు లాంటి ఫావా. ఆ ఫావాలో తను తెచ్చుకున్న ఆవకాయ కలుపుకుంది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోకుండా ఉండలేను. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి ఇంత ఆలోచిస్తే, మన దగ్గర డబ్బు తీసుకున్నవారు ఎంత ఆలోచించారు? మేము మొదట సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ సేవకు వేరుగా రుసుము అడిగారు. ఐరోపా నిబంధనల ప్రకారం ఆ సేవ ఉచితమనీ, 48 గంటల ముందు చెబితే చాలనీ ఆ పెద్దావిడ చెప్పేదాకా మాకు తెలియదు. వీసా కేంద్రంలో అపాయింట్‌మెంటు కోసం ఐదు వారాలు రోజూ అర్ధరాత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఖాళీలు లేవని తెరమీద కనిపిస్తుంటే, బయట మాత్రం డబ్బిస్తే ఇప్పిస్తామనేవారు ఫోన్లు చేశారు. మనిషికి 90 యూరోల రుసుము కట్టి, 400 కిలోమీటర్లు ప్రయాణం చేయించి నాన్నగారిని తీసుకెళ్తే, పక్షవాతంతో ముడుచుకుపోయిన ఆయన ఎడమ పిడికిలిని చూసి, పది వేళ్ళ ముద్రలూ పడకపోతే దరఖాస్తు తీసుకోము అన్నారు. ఇవ్వగలిగినన్ని వేళ్ళ ముద్రలే తీసుకోవాలని షెంగెన్, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా, నిబంధనల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి చూపించినా రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆయన తల దించుకుని కూర్చున్న ఆ రెండు గంటలను నేను మరిచిపోలేను. ఆరోగ్య కేంద్రానికి వచ్చినవారిలో నడవలేనివారు ఉంటే తానే బయటికి వెళ్ళి మందులు ఇచ్చి వచ్చిన మనిషి ఆయన.

కోస్‌లో మూడో రోజు ఉదయం తీరానికి వెళ్ళాము. ఆ పెద్దావిడ మాకన్నా ముందే వచ్చి ఉన్నారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, సన్నటి మనిషి, చేతిలో ఒక తువ్వాలు. అదే మొదటిసారి ఎదురుపడడం. చెల్లెలూ నేనూ నాన్నగారిని కుర్చీలోకి మార్చాము. మీట నొక్కగానే అది కదిలింది. నీళ్ళు పాదాలకు తాకాయి, మోకాళ్ళకు వచ్చాయి, నడుము దగ్గర ఆగింది. ఎదురుగా టర్కీ కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన కాసేపు కదలకుండా కూర్చుని, తరువాత కుడిచేత్తో నీళ్ళు తీసుకుని మూడుసార్లు తలమీద చల్లుకున్నారు. పుష్కరాల్లో కోటిలింగాల రేవులో చల్లుకున్నట్టే, పెదవులు కదుపుతూ. మూడేళ్ళుగా ఆయనను తుడిచిన స్నానాలే తప్ప, ఆయన తనంతట తానుగా తలమీద నీళ్ళు పోసుకోవడం నేను చూడలేదు.

వెనక్కు తిరిగి చూస్తే ఆ పెద్దావిడ నాన్నగారి చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. అల వచ్చి తడిపేస్తుందని తీసిపెట్టారట. వద్దండీ, ఇలా ఇవ్వండి అని నేను చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపి, ఆయన ఒడ్డుకు వచ్చేదాకా అలాగే పట్టుకున్నారు. మన ఇళ్ళలో తండ్రి చెప్పులు ఎవరు మోస్తారో మీకు తెలుసు. నేను అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. ఇంత ఎందుకు చేశారండీ అని తరువాత అడిగితే, "టేపు నా దగ్గర ఉంది, మీరేమో దూరంలో ఉన్నారు" అన్నారు. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకున్నారు. కనీసం భోజనానికి రమ్మంటే, తన ఇంట్లో అతిథులు ఉన్నారని వెళ్ళిపోయారు.

సాయంత్రం హిప్పోక్రటీస్ చెట్టు దగ్గరికి వెళ్ళాము. వైద్యశాస్త్ర పితామహుడు ఆ ద్వీపంలో పుట్టినవాడే, ఆ చెట్టు కింద శిష్యులకు పాఠాలు చెప్పాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఇప్పుడున్న చెట్టు వయసు సుమారు 500 సంవత్సరాలేనట, కొమ్మలకు ఇనుప ఊతలు పెట్టారు. ఆ సంగతి చదివి వినిపిస్తే నాన్నగారు "మనవడి మనవడై ఉంటుందిలే" అని, చాలాసేపు దానికేసి చూస్తూ ఉండిపోయారు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న అస్క్లెపియాన్, అంటే ఆనాటి వైద్యాలయం, మూడు అంతస్తులుగా మెట్ల మీద ఉంటుంది. కింది నుంచే చూసి రమ్మని ఆ పెద్దావిడ ముందే చెప్పారు, అలాగే చేశాము.

చెల్లెలు, మరిది, ఇక్కడ పిల్లలను చూసుకున్న మావారు, అత్తయ్యగారు చేసినదంతా ఇంటివారు చేసినదే, వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మిగిలినవారిలో ఎవరినీ మరిచిపోకూడదు. ఏథెన్స్ విమానాశ్రయంలో నాన్నగారి మందుల సంచి వెనుక ఉండిపోతే పరుగెత్తి తెచ్చి ఇచ్చిన సహాయకుడికి నమస్కారాలు. ప్రయాణానికి నెల ముందు నుంచీ కుర్చీలోకి మారడం సాధన చేయించిన మా ఫిజియోథెరపిస్టుగారికి ధన్యవాదాలు. ప్రయాణానికి మందుల చీటీలన్నీ ఇంగ్లీషులో మళ్ళీ రాసిచ్చిన డాక్టరుగారికి కూడా.

అన్నట్టు, అసలైన మనిషినే మరిచాను. వీసా కేంద్రంలో నేల తుడుస్తున్న ఒక అమ్మ మా అవస్థ చూసి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి తెచ్చి, నాన్నగారి పిడికిలికి చుట్టి, ఒక్కొక్క వేలే మెల్లగా విప్పింది. మూడు వేళ్ళు తెరుచుకున్నాయి, ఆ ముద్రలు పడ్డాకే దరఖాస్తు తీసుకున్నారు. ఆవిడ పేరు కూడా అడగలేదు. హైదరాబాదు వెళ్ళినప్పుడు తప్పకుండా కలుస్తాను.

ఇంకొక్క మాట. కోస్‌లోని పెద్దావిడకు ఆత్రేయపురం పూతరేకులు పంపాలని అమ్మ పట్టుబడుతోంది. అంత దూరం అవి నలిగిపోకుండా పంపే పద్ధతి తెలిసినవారు ఉంటే దయచేసి చెప్పండి.