పదో నంబరు బజ్జీ గురించి, ఆదివారం నేనన్న మాట గురించి

పోయిన ఆదివారం, 2020 నవంబర్ 15 సాయంత్రం, మన కౌంటర్ దగ్గర ఏం జరిగిందో మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ నోటా ఈ నోటా వినడం కంటే నా నోటి నుంచే వింటే మంచిదని ఇది రాస్తున్నాను. బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్ ధర మారలేదు. వేళలు మారలేదు. ఈ 2020లో కరోనా వల్ల లోపల 75 శాతం సీట్లు, బయట టెంట్ కింద టేబుళ్ళు, మాస్కు తప్పనిసరి, ఇవన్నీ ఇంతకుముందు చెప్పినవే. మారుతున్నది బజ్జీ సంగతి ఒక్కటే, అదే, ఒక ఫుట్‌బాల్ ఆటగాడి పేరున మనం ఊరికే పెట్టే మిర్చి బజ్జీ. దాని గురించి మాత్రం చాలా చెప్పాలి.

కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం మొదట్నుంచీ చెప్తాను. 2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫానుకి, హ్యూస్టన్ పక్కనున్న మన షుగర్‌ల్యాండ్ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయో మీకు గుర్తే. మన హోటల్‌కి పెద్దగా నష్టం కాలేదు కానీ, తినడానికి వచ్చేవాళ్ళ మొహాల్లో కళ లేదు. పొద్దున్నుంచీ తడిసిన గోడలు పీకి పీకి వచ్చి, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని ఊరికే కూర్చునేవాళ్ళు. సెప్టెంబర్ 10న మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హ్యూస్టన్ టెక్సన్స్‌కి సీజన్లో మొదటి ఆట, జాక్సన్‌విల్‌తో, మన ఎన్‌ఆర్‌జీ స్టేడియంలోనే. టీవీ పెట్టాను. ఘోరంగా ఓడిపోయారు, 29-7. మనవాళ్ళ ఆ ఒక్క టచ్‌డౌన్ చేసింది పదో నంబరు, డీఆండ్రే హాప్కిన్స్. టచ్‌డౌన్ అంటే బంతితో అవతలివాళ్ళ చివరి గీత దాటడం. ఆయన బంతి పట్టగానే హాల్లో కేకలు లేచాయి. తుఫాను తర్వాత అక్కడ నేను విన్న మొదటి కేకలు అవి. నాకేం తోచిందో, లోపలికెళ్ళి వేసి ఉన్న మిర్చి బజ్జీలన్నీ తెచ్చి టేబుల్‌కో ప్లేటు పెట్టేశాను. డబ్బులు వద్దన్నాను. ఆ రోజు నుంచి అదే కట్టుబాటు. పదో నంబరు టచ్‌డౌన్ చేస్తే ఆ సాయంత్రం ప్రతి టేబుల్‌కీ నాలుగు బజ్జీలు మన తరఫున.

ఆ ఏడాది టీమ్ 4 గెలిచి 12 ఓడింది. బంతి విసిరే వాట్సన్‌కి ప్రాక్టీసులో మోకాలు పోతే, ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ళు విసిరారు. ఎవరు విసిరినా హాప్కిన్స్ పట్టాడు. 13 టచ్‌డౌన్లు, ఆ సీజన్లో విసిరిన బంతులు పట్టే ఏ రిసీవర్‌కీ అన్ని లేవు. మరుసటి ఏడాది 11, ఆ పై ఏడాది 7. మూడు సీజన్లలో 31. 2018లో 115 బంతులు పట్టాడు, చేతిలో పడ్డది ఒక్కటీ జారవిడవలేదని లెక్కలు రాసేవాళ్ళు రాశారు.

ఆట రూల్స్ ఏమీ తెలియని మన అమ్మలకీ అమ్మమ్మలకీ కూడా ఆయన తెలుసు. వాళ్ళకి ఆయన హాప్కిన్స్ కాదు, 'అమ్మకి బంతిచ్చే అబ్బాయి'. వాళ్ళమ్మ సబ్రీనా గ్రీన్‌లీ గారికి 2002లో జరిగిన దాడిలో, మొహం మీద రసాయనం పోయడం వల్ల చూపు పోయింది. కొడుకు ఆటకి ఆవిడ స్టేడియానికి వస్తే, మైదానంలో ఏం జరుగుతోందో కూతురు పక్కన కూర్చుని చెప్తూ ఉంటుంది. ఈయన టచ్‌డౌన్ చేసి, ఆ బంతి తీసుకెళ్ళి తల్లి చేతుల్లో పెడతాడు. అది టీవీలో చూసి కొంగుతో కళ్ళు తుడుచుకున్న పెద్దవాళ్ళు మన హాల్లోనే ఉన్నారు.

ఇక ఈ ఏడాది. జనవరి 12న టెక్సన్స్ కాన్సాస్ సిటీలో 24-0తో ముందుండి 51-31తో ఓడిపోయిన రోజు, లేచి బిల్లు కట్టడానికి కూడా ఎవరికీ కాళ్ళు రాలేదు. దాన్నయినా దిగమింగాం. మార్చి 16, సోమవారం మధ్యాహ్నం ఒక పాత కస్టమర్ ఫోన్ చేశారు. పార్సిల్ కోసమే చేశారు. కానీ ఆర్డర్ చెప్పడం మరిచిపోయి, "అమ్మేశారంట బాబాయ్ మన పదో నంబర్‌ని" అని పెట్టేశారు. సాయంత్రం దాకా అలాంటి ఫోన్లే. ఈ ఆటలో పిక్ అంటే కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతు, మొదటి రౌండ్‌ది అన్నిటికన్నా విలువైనది. హాప్కిన్స్‌ని, ఈ ఏడాది నాలుగో రౌండ్ పిక్‌ని అరిజోనా జట్టుకి ఇచ్చి, బదులుగా డేవిడ్ జాన్సన్ అనే, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ని, ఒక రెండో రౌండ్ పిక్‌ని, 2021లో ఒక నాలుగో రౌండ్ పిక్‌ని తీసుకున్నారు. మొదటి రౌండ్ పిక్ ఒక్కటి కూడా రాలేదు. అందరినీ ఎక్కువ మండించింది ఏమిటంటే, అదే రోజు మిన్నెసోటా వాళ్ళు తమ రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని బఫెలోకి పంపి మొదటి రౌండ్ పిక్, దాని పైన ఇంకొన్ని పిక్‌లు రాబట్టారు. ఒకే రోజు, ఒకే సంతలో, రెండు బేరాలు. పాతికేళ్ళు వ్యాపారం చేసిన మనిషిగా చెప్తున్నాను, మనం నష్టానికి ఇచ్చాం.

ఆయన కాంట్రాక్టు ఇంకా మూడేళ్ళు ఉండగానే ఎక్కువ జీతం అడిగాడని, అప్పటి కోచ్ బిల్ ఓబ్రయన్‌తో పొసగలేదని చాలా అన్నారు. అడిగితే అడిగాడు. సెప్టెంబర్లో అరిజోనా వాళ్ళు మరో రెండేళ్ళకి 54.5 మిలియన్ డాలర్లు ఇచ్చారు. ఏజెంట్ లేకుండా తన బేరం తానే మాట్లాడుకున్నాడు. ఆ రెండో రౌండ్ పిక్‌తో మనవాళ్ళు తెచ్చుకున్న రాస్ బ్లాక్‌లాక్ మన పక్కనే, మిస్సోరి సిటీ ఎల్కిన్స్ హైస్కూల్లో చదివిన కుర్రాడు. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు, బాగా ఆడాలి. కానీ ఒకరి బదులు ఒకరు అనే లెక్క నా మనసుకి ఎక్కలేదు.

మార్చిలో ఆ బేరమే ఇంకో వారం ముందు జరిగి ఉంటే అందరం హాల్లో కూర్చుని, తిట్టుకుని, కడుపునిండా తిని, తేలికపడి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. సరిగ్గా ఆ వారమే కరోనా వచ్చి హాళ్ళు మూసేయమన్నారు. కుర్చీలన్నీ టేబుళ్ళ మీదకి ఎత్తి, ఖాళీ హాల్లో ఒక్కణ్ణీ నిలబడితే ఎదురుగా గోడ మీద ఫ్రేములో పదో నంబరు జెర్సీ. దించేశాను. స్టోర్ రూములో సోనా మసూరి బస్తాల వెనక పెట్టాను. జూన్‌లో మీరు మళ్ళీ రావడం మొదలయ్యాక జెర్సీ ఏదని అడిగితే, అద్దం పగిలింది, బాగుచేయిస్తున్నానని చెప్పాను. అద్దం పగల్లేదు. మీకు అబద్ధం చెప్పాను.

సీజన్ మొదలైంది. వరసగా నాలుగు ఓడారు. అక్టోబర్ 5న ఓబ్రయన్‌ని తీసేశారు. కొందరు ఆ రోజు స్వీట్ బాక్సులు తీసుకెళ్ళారు. నాకు సంతోషం కలగలేదు, ఎందుకంటే ఆయన పోతే పదో నంబరు తిరిగి రాడు. బజ్జీ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేవాణ్ణి. కట్టుబాటు ఉందో లేదో బోర్డు మీద రాయలేదు. అసలు తప్పు అక్కడే మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నం క్లీవ్‌లాండ్ గాలివానలో టెక్సన్స్ 10-7తో ఓడిపోయారు. ఇప్పటికి 2 గెలుపులు, 7 ఓటములు. నేను టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. సాయంత్రం టెంట్ కింద కొందరు కుర్రాళ్ళు ఫోన్లో అరిజోనా-బఫెలో ఆట చూస్తున్నారు. ఆట ఇంకో 34 సెకన్లు ఉందనగా డిగ్స్ టచ్‌డౌన్ చేసి బఫెలోని 30-26తో ముందుకి తెచ్చాడు. అదే డిగ్స్, మార్చి 16 డిగ్స్. తర్వాత అరిజోనా తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీ ఎడమవైపుకి పరుగెత్తి, 43 గజాల అవతలికి బంతిని గాల్లోకి విసిరాడు. కింద ముగ్గురు బఫెలోవాళ్ళు, మధ్యలో హాప్కిన్స్. నలుగురూ ఎగిరారు. ఆరు చేతుల పైనుంచి ఆయన చేతులు బంతిని పట్టాయి. 2 సెకన్లు మిగిలాయి, అరిజోనా 32-30తో గెలిచింది. టెంట్ కింద లేచిన కేక వంటింట్లోకి వినపడింది. నేను బయటికి వచ్చి వాళ్ళ ఫోన్లో చూశాను. నా చేతులు వణికాయి. సంతోషమో కడుపుమంటో నాకే తెలియలేదు.

అప్పుడే పెద్దమ్మగారు కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఎవరో మీకు తెలుసు. జనవరిలో కొడుకు దగ్గరికని తెనాలి నుంచి వచ్చి, విమానాలు ఆగిపోయి, తర్వాత ఈ వయసులో ప్రయాణం వద్దని కొడుకు పంపక, ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ నవ్వుతూ, "మన అబ్బాయి పట్టాడుగా బాబూ, బజ్జీలేవీ?" అని అడిగారు.

నేనేమన్నానంటే, "ఆయన మన అబ్బాయి కాదండీ. అమ్ముడుపోయాడు. బజ్జీలు కావాలంటే అరిజోనా వెళ్ళి అడగండి."

వరసలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పర్సు తీసి, పార్సిల్ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, మాస్కు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆరేళ్ళుగా వాళ్ళ కుటుంబం మన దగ్గర తింటోంది.

ఆ రాత్రీ సోమవారం రాత్రీ నిద్ర లేదు. ఫోన్లు వచ్చాయి. ఒక పక్షం వాళ్ళన్నది: మనది హ్యూస్టన్ హోటల్, హ్యూస్టన్ ఆటగాడు చేస్తేనే బజ్జీ, వేరే ఊరివాడికి ఎందుకు? రెండో పక్షం: బజ్జీ పేరే పదో నంబరు బజ్జీ, ఆయన ఎక్కడుంటే అక్కడే. మొత్తానికి ఆపేద్దామని కూడా అనుకుని బోర్డు మీద రాశాను, చెరిపేశాను. డేవిడ్ జాన్సన్ పేరు మీదకి మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. ఆయన 2016లో అరిజోనాకి 20 టచ్‌డౌన్లు చేసిన మనిషి, తలకి దెబ్బ తగిలి ఇప్పుడు కూర్చుని ఉన్నాడు. ఇంకొకరి కోసం కట్టిన గోడకి ఆయన పేరు తగిలించడం ఆయనకే అవమానం. డబ్బు లెక్క కూడా చూశాను, దాచను. ఈ ఏడాది ప్రతి నూనె డబ్బా లెక్కే. కానీ నన్ను పట్టుకుంది అది కాదు. ఊరి మీద ప్రేమా, మనిషి మీద ప్రేమా ఇన్నాళ్ళూ ఒకే ప్లేట్లో పెట్టాను. మార్చిలో ఎవరో ఆ రెంటినీ విడదీశారు, ఏ ముక్క పట్టుకోవాలో నాకు తెలియలేదు.

మా ఆవిడ మంగళవారం పొద్దున ఒకటే అడిగింది. "హార్వీ అప్పుడు బజ్జీలు పెట్టావే, స్కోరు చూసి పెట్టావా?"

29-7. ఓడిపోయిన ఆట. ఊరు గెలిచిందని పెట్టలేదు. ఒక మనిషి బంతి పడితే జనం మొహాలు విచ్చుకున్నాయని పెట్టాను. పైగా ఆయన అమ్ముడుపోలేదు. ఆయన్ని పంపేశారు. ఆ మాట నేను ఆయన గురించి అనకూడనిది, ఆవిడతో అసలు అనకూడనిది.

మంగళవారం మధ్యాహ్నం బజ్జీలు వేయించుకుని పెద్దమ్మగారింటికి వెళ్ళాను. వాకిట్లో దూరంగా నిలబడి తప్పయిందని చెప్పాను. ఆవిడ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "మరి వాళ్ళమ్మ? ఈ రోజుల్లో ఆవిడ అంతదూరం వెళ్ళగలదా? బంతి ఎవరికిస్తున్నాడు?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఉల్లిపాయ ముక్కలు సరిగా తరగలేదని కూడా చెప్పారు, అది నిజమే.

కాబట్టి ఇక నుంచి ఇలా. పదో నంబరు ఏ ఊరికి ఆడినా, ఆడినన్నాళ్ళూ, టచ్‌డౌన్ చేసిన రోజు ప్రతి టేబుల్‌కీ నాలుగు బజ్జీలు. పార్సిల్ వాళ్ళకి కూడా. మొన్న ఆదివారం రాత్రి మన దగ్గర తిన్నవాళ్ళూ పార్సిల్ తీసుకెళ్ళినవాళ్ళూ బిల్లు లేకపోయినా వచ్చి తీసుకోండి, నేనేమీ అడగను. జెర్సీ రేపు గోడ ఎక్కుతుంది, మన హ్యూస్టన్ జెర్సీయే. అరిజోనా ఎర్ర జెర్సీ తెచ్చిస్తామని ఇద్దరు అన్నారు. దయచేసి తేవద్దు, నేను పెట్టను. పెద్ద టీవీలో టెక్సన్స్ ఆటే, 2-7 అయినా 2-14 అయినా. అరిజోనా ఆట కౌంటర్ పక్కన చిన్న టీవీలో. ఈ విషయంలో నాతో వాదించకండి, రెండు రాత్రులు నేనే వాదించుకున్నాను.

గురువారం రాత్రి 7:20కి సియాటిల్‌లో అరిజోనా ఆట. ఆ రోజు పెద్ద టీవీ ఖాళీయే కాబట్టి దాంట్లోనే పెడతాను. మిరపకాయలు బుధవారం రాత్రే చీల్చి, గింజ తీసి ఉంచుతాం. పెద్దమ్మగారు వస్తానన్నారు. ఉల్లిపాయలు నేనే తరుగుతాను.