మంగళవారం నేనే వస్తా బిడ్డా

హన్మకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

దసరాకి వచ్చినప్పుడు నువ్వు అడిగిన మాటకి నేను జవాబు చెప్పలేదు. అన్నం తింటూ, "బాపూ, మనిషి చర్మం మీద నా మొదటి పచ్చబొట్టు నీ చేతికే వేస్తా" అన్నావు. నేను కంచంలోంచి తల ఎత్తలేదు. నువ్వు మళ్లీ అడగలేదు. మర్నాడు కాజీపేటలో రైలు ఎక్కించేటప్పుడు కూడా టికెట్ గురించి, టిఫిన్ గురించి మాట్లాడుకున్నాం తప్ప ఆ మాట ఎత్తలేదు. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో అందుకుంటుంది. అందుకే రాస్తున్నా.

నాకు కోపం వచ్చిందని అనుకున్నావేమో. కోపం కాదు, భయం వేసింది. ముప్పై రెండేళ్లుగా మనుషుల మెడ మీద కత్తి ఆనించి బతుకుతున్నవాణ్ణి. చర్మం ఎంత తొందరగా తెగుతుందో, ఎంత ఆలస్యంగా మానుతుందో నాకు తెలుసు.

నేను గడ్డం గీసే పని నేర్చుకునే రోజుల్లో మా మేనమామ ఆరు నెలలు నాకు కత్తి ఇవ్వలేదు. ఎడమ చేతి పని మాత్రమే నేర్పాడు. చెంప దగ్గర చర్మాన్ని ఎటు లాగాలి, గొంతు దగ్గర ఎటు లాగాలి, ముసలాయన దవడ కింద జారిపోయే చర్మాన్ని రెండు వేళ్లతో ఎట్లా నిలబెట్టాలి, అన్నీ ఎడమ చేత్తోనే. ఎడమ చేయి సరిగ్గా పడితే కత్తి తనంతట తానే నడుస్తుందని అనేవాడు. తర్వాత గాలి బుడగ ఊది, దానికి సబ్బు నురగ రాసి గీయించాడు. నేను ఎన్ని బుడగలు పగలగొట్టానో లెక్క లేదు.

నువ్వు పంపిన వీడియోలో అందరూ మిషన్‌ని, సూదిని చూసి ఉంటారు. నేను మాత్రం నీకు పచ్చబొట్టు పని నేర్పే మీ మేడమ్ ఎడమ చేతినే చూశాను. ఆమె బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని డప్పు తోలులా బిగించి పట్టింది. సగం భయం అక్కడే పోయింది. ఇది మనకి తెలిసిన పనే అనిపించింది.

చర్మం పై పొర ఎప్పుడూ రాలిపోతూ ఉంటుందని, రంగు దాని కింది పొరలో పడాలని, ఆ లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదని నువ్వే చెప్పావు. లోతు తగ్గితే కొన్నాళ్లకే రాలిపోతుంది, పెరిగితే గీత పక్కకి పాకి మసకబారుతుంది. కానీ బిడ్డా, మణికట్టు లోపల, మోచేతి ఎముక మీద, భుజం మీద చర్మం ఒకే మందం ఉండదు. ఇరవై ఏళ్ల పిల్లాడిదీ అరవై ఏళ్ల మనిషిదీ ఒకటి కాదు. నువ్వు ఇప్పుడు సాధన చేస్తున్న రబ్బరు చర్మం ఊపిరి పీల్చదు, నొప్పికి ముడుచుకోదు, చెమట పట్టదు. అందుకే మనిషి మీదికి వచ్చేటప్పుడు తొందరపడకు. మీ మేడమ్ "ఇక చాలు, మనిషి మీద వెయ్యి" అన్నాకే వెయ్యి.

మీ నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు నీకు గుర్తుందా? ఆమె పోయేనాటికి నువ్వు నాలుగో తరగతి. పన్నెండేళ్లప్పుడు, పరకాల దగ్గర వాళ్ల ఊరికి వచ్చిన ఎరుకలామె పొడిచిందట. దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, సూదులను దారంతో కట్టి, మాటల్లో పెట్టి చుక్క చుక్క పొడుస్తూ పోయిందట. కూలి రెండు సోలల బియ్యం, ఒక పాత రవిక. నడిమిట్ల చిన్న ముగ్గు, నాలుగు దిక్కులా చుక్కలు, కింద తేలు. పోయినప్పుడు ముక్కుపుడక తీశారు, కాళ్ల కడియాలు తీశారు. "పచ్చబొట్టు ఒక్కటే నా వెంట వస్తది" అని ఆమె ఎప్పుడూ అనేది. స్నానం చేయించేటప్పుడు నీళ్లు పోసింది నేనే. ఆ తేలు అట్లాగే ఉంది. అది పొడిచినామె పేరు మాత్రం మా అమ్మకి కూడా తెలియదు. అరవై ఏళ్లు చెదరని పని చేసి, బియ్యం మూట కట్టుకొని వెళ్లిపోయింది. ఆమెను కళాకారిణి అని ఒక్కరూ అనలేదు. ఇప్పుడు స్టూడియోలో ఏసీ గదిలో చేస్తే ఆర్టిస్ట్ అంటున్నారు. నిన్ను ఆ మాట అన్నప్పుడల్లా ఆమెను కూడా తలచుకో.

మసి నల్లనిది కదా, పచ్చబొట్టు అని ఎందుకంటారని చిన్నప్పుడు నన్ను అడిగావు. అప్పుడు నాకు తెలియదు. చర్మం కిందికి పోయాక వెలుతురు చెదిరి ఆ నలుపే నీలంగా, ఆకుపచ్చగా కనబడుతుందని మొన్న నువ్వే చెప్పావు. చేతి మీది నరాలు పచ్చగా కనబడేదీ అట్లానే, లోపల పారేది ఎర్ర రక్తమే అయినా. ఇందులో నీకు పనికొచ్చేది ఒకటుంది. నువ్వు ఫోన్లో చూసే డిజైన్లలో ఎక్కువ తెల్లవాళ్ల చర్మం మీదివి. మన చామనచాయ చర్మం కింద లేత పసుపు, లేత గులాబీ అంతగా కనబడవు. మన రంగు మీద ఏది నిలుస్తుందో ఎరుకలామెకు తెలుసు. నువ్వు కూడా మన చేతులు చూసి నేర్చుకో.

ఆల్ప్స్ కొండల మంచులో 1991లో దొరికిన ఐదువేల మూడు వందల ఏళ్ల నాటి మనిషి సంగతి చెప్పావు కదా, ఒంటి మీద 61 పచ్చబొట్లని, అవీ మసితోనేనని. నడుము, మోకాళ్లు, చీలమండల దగ్గరే ఎక్కువగా ఉన్నాయని, నొప్పులకు వేయించుకుని ఉంటాడని అనుకుంటున్నారట. నాయనమ్మ మోకాలి పక్కన కూడా మూడు చుక్కలు ఉండేవి. నొప్పి పోతుందని పొడిపించుకుందట. నువ్వు ఆ సంగతి చెప్పిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు మాట, శుభ్రం. నేను పనిలోకి వచ్చినప్పుడు ఒకటే కత్తి. సాన మీద నూరి, తోలు పట్టీకి రాసి, డెట్టాల్ నీళ్లలో ముంచి పదిమందికి గీసేవాళ్లం. అదే శుభ్రం అనుకునేవాళ్లం. ఎయిడ్స్ గురించి ఊరూరా ప్రచారం జరిగాక మనిషికో అరబ్లేడు అలవాటైంది. కొత్తలో ఖర్చు దండగ అన్నవాళ్లు ఉన్నారు. నేను ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క బ్లేడు ఇద్దరికి వాడలేదు. కస్టమర్ కళ్ల ముందే కాగితం చింపుతాను. నువ్వూ సూది ప్యాకెట్ వాళ్ల కళ్ల ముందే చింపు. రంగు కూడా చిన్న గిన్నెలో పోసిందే వాడి, మిగిలింది పారెయ్యి, మళ్లీ సీసాలో పోయకు.

రెండేళ్ల కింద ఒక పిల్లాడు జాతరలో రోడ్డు పక్కన పచ్చబొట్టు వేయించుకొని, మూడో రోజు మన షాపుకి వచ్చాడు. భుజం ఉబ్బి, చీము పట్టి ఉంది. ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచారట. కటింగ్ ఆపి ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపించాను. చీము మందులకు పోతుంది. హెపటైటిస్ బి, సి అట్లా కాదు, ఏళ్ల తరబడి లోపల దాగి ఉంటాయి. మళ్లీ వాడే సామాను ఏదైనా ఆటోక్లేవ్ అనే ఆవిరి మిషన్‌లో 121 డిగ్రీల వేడిలో కనీసం 15 నిమిషాలు ఉండాలి, మరిగిన నీళ్లు చాలవు. నువ్వు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నావా? సూది నీ వేలికీ గుచ్చుకోవచ్చు. దీని గురించి నాకు టెన్షన్‌గా ఉంది, వెంటనే చెప్పు.

వద్దు అనడం కూడా నేర్చుకో. జేఎన్ఎస్ స్టేడియంలో పరుగులు తీసి, పొద్దున్నే మన దగ్గరికి మిలిటరీ కటింగ్‌కి వచ్చే పిల్లలు ఉన్నారు. సైన్యంలో ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే పచ్చబొట్టు ఒప్పుకుంటారు. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి కొంత సడలింపు ఉంది. ఇది తెలియక ఒకడు మెడ మీద పేరు రాయించుకున్నాడు. జుట్టుతో కప్పేట్టు కత్తిరించమని అద్దం ముందు కూర్చుని నన్ను బతిమాలాడు. ఎట్లా కప్పను బిడ్డా? లేజర్‌తో తీయించాలంటే ఎన్నో సిట్టింగులు, ఎంతో డబ్బు. నేను జుట్టు తప్పుగా కత్తిరిస్తే నెలలో పెరుగుతుంది. నీ పనికి ఆ నెల లేదు. వచ్చినవాళ్లను ఏం చదువుతున్నావు, ఏ ఉద్యోగానికి పోతావు అని అడుగు. ప్రేమించినవాళ్ల పేరు అంటే, నెల ఆగి రమ్మను. ఆ రోజు గిరాకీ పోతే పోనీ.

చిన్నప్పుడు ఖిలా వరంగల్‌లో తోరణం ఎదురుగా కూర్చుని నువ్వు గీసిన బొమ్మలు ఇంకా బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు చాలామంది అదే తోరణం చేతి మీద కావాలంటున్నారని అన్నావు. రాయి కదలదు, చేయి తిరుగుతుంది. చేయి మామూలుగా వేలాడదీసి నిలబడినప్పుడే బొమ్మ అచ్చు కాగితం, అదే స్టెన్సిల్, అతికించు. లేకపోతే మణికట్టు తిప్పగానే నిట్ట స్తంభాలు మెలి తిరుగుతాయి. నేను కూడా గడ్డం గీత దిద్దే ముందు మనిషిని నిటారుగా కూర్చోమంటాను.

చుట్టాలు అడుగుతున్నారు, ఆడపిల్ల పరాయి మగవాళ్ల ఒంటి మీద చెయ్యి వేస్తుందా అని. మా నాయనమ్మ మంత్రసాని. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవి. మన ఇంటి ఆడవాళ్ల చేతులకు మనిషి ఒళ్లు కొత్త కాదు. వాళ్లకు ఇదే చెప్పాను. మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్యి.

మా అమ్మ చేతి మీది ఆ ముగ్గు, చుక్కలు, తేలు ఈ కాగితం వెనక గీశాను. తేలు తోక వంకరగా ఉందని దిద్దకు, ఆమె చేతి మీద అట్లాగే ఉండేది. నా కుడి ముంజేతి మీద, ఆమెకు ఉన్న చోటే వెయ్యి. ఆ తర్వాత ఏడాది దాకా రక్తదానానికి నా రక్తం తీసుకోరు కాబట్టి, ఈ గురువారమే ఒకసారి ఇచ్చేస్తాను. వారం ఆగి వచ్చే మంగళవారం షాపు మూసి ఉంటుంది. పొద్దున రైలుకి నేనే వస్తా. మీ మేడమ్ పక్కన ఉండాలి.

చేతి మీది వెంట్రుకలు ఇక్కడే గీసుకొని వద్దామనుకున్నా. మళ్లీ మానుకున్నా. అదీ నువ్వే గియ్యి, కొత్త బ్లేడుతో. నీ ఎడమ చేయి ఎట్లా పడుతుందో చూడాలని ఉంది.

నీ బాపు