సెల్ఫ్ కొట్టొద్దు మామా, ముందు బ్రేకులు చూడు

అనంతపురం

ఒరేయ్ మామా,

ఫొటోలు అన్నీ చూసినా. 1965 నాటి ఎంజీబీ, ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, కడపలో ఒక షెడ్డులో పన్నెండేళ్లు కదలకుండా ఉండి, అది నీ చేతికి రావడం శానా సంతోషం. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడదామా అని అడిగినావు. వద్దురా. ఇంజను పని తర్వాత పెట్టుకో, ముందు బ్రేకులు. బండి స్టార్టయితే ఎవరైనా వీధి చివరి దాకా ఒక్క రౌండు పోదామంటారు. ఆ ఒక్క రౌండే ప్రమాదం.

మన సీమ ఎండకు తుప్పు యాడిది అన్నావు చూడు, బాడీ వరకు ఆ మాట నిజమే. బ్రేకుల్లో మాత్రం తుప్పు లోపలి నుంచి వస్తుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ ఆయిల్ ఉండే డబ్బా, అదే రిజర్వాయర్, దాని మూతకుండే సన్న రంధ్రం గుండా, రబ్బరు హోసుల గోడల గుండా కూడా ఏళ్ల తరబడి తేమ ఎక్కుతానే ఉంటుంది. బండి కదలదు కాబట్టి ఆ తేమ కాలిపర్ (ముందు చక్రం డిస్కును ప్యాడ్లతో పట్టేది) పిస్టన్ల చుట్టూ, వీల్ సిలిండర్ల (వెనక షూలను నెట్టేవి) అడుగున నిలబడి ఇనుమును తింటుంది. ఇంకొకటి, కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీళ్లు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఆ వేడి సులువుగా పుడుతుంది. నీళ్లు ఆవిరైతే పెడల్ స్పాంజిలా మెత్తబడి నేలకు పోతుంది. పైగా నీ బండిది సింగిల్ సర్క్యూట్. ఒక్కచోట లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. అందుకే "ఇది బాగానే ఉందిలే" అని ఏదీ వదలొద్దు.

బండి ఎత్తేటప్పుడు జాకీని నమ్ముకోని కిందికి దూరొద్దు, నాలుగు స్టాండ్లు పెట్టు. ఊర్లో దొరుకుతాయి గదా అని కడప బండలు పేర్చేవు, ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది, బరువు ఒక మూల పడితే చెప్పకుండా పగులుతుంది.

చక్రాలు చేత్తో తిప్పి చూడు. హ్యాండ్ బ్రేకు వేసి నిలబెట్టింటే వెనక షూలు డ్రమ్ముకు కరుచుకోనుంటాయి. లాగి పీకొద్దు, లైనింగ్ షూ నుంచి ఊడి వస్తుంది. బ్యాక్ ప్లేట్ వెనక నాలుగు పలకల తల ఉన్న అడ్జస్టర్ ఉంటుంది. దానికి తుప్పు వదిలించే నూనె పెట్టి ఒక రాత్రి నాననిచ్చి, వెనక్కి తిప్పి షూలు వదులు చేసి, డ్రమ్ము చుట్టూ మెత్తగా సుత్తితో తట్టు. డ్రమ్ము ఊడినాక లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. ఆ కాలం లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. నీళ్లు చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్.

ముందు చక్రం బిగుసుకుంటే కారణం కాలిపరా, హోసా, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరా అని కనుక్కునే పద్ధతి ఉంది. కాలిపర్ బ్లీడ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చెయ్. అప్పటికీ చక్రం తిరగకపోతే పిస్టన్ తుప్పుకు పట్టేసింది. తిరిగితే లోపల ప్రెజర్ నిలబడి ఉందని అర్థం. నిపుల్ బిగించి, మళ్ళీ పెడల్ తొక్కి, ఈసారి హోసుకు పైన ఉండే ఇనుప పైపు నట్టు వదులు చెయ్. చక్రం ఇంకా వదలకపోతే తప్పు హోసుదే. బయటికి కొత్తదానిలా కనిపించినా లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయింటుంది. తొక్కిన బలానికి ఆయిల్ పోతుంది గానీ వెనక్కి రాదు. పైపు నట్టు దగ్గరే వదిలితే మాస్టర్ సిలిండర్ చూడు. పెడల్ నుంచి దాన్ని నెట్టే పుష్ రాడ్‌కు సందు లేకున్నా, రిజర్వాయర్ కిందుండే సన్న రంధ్రం మూసుకున్నా ఆయిల్ తిరిగి పైకి పోలేదు. పెడల్ పట్టీ దగ్గర 3 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాల. హోసులు మూడే, ముందర రెండు, వెనక ఇరుసుకు ఒకటి. మూడూ మార్చెయ్, ఆలోచన వద్దు.

కాలిపర్ పిస్టన్లు బయటికి తీయడానికి పెడలే మంచి పనిముట్టు. పైపు ఊడదీయక ముందే ప్యాడ్లు తీసి, మధ్యలో సన్న చెక్క పెట్టి నిదానంగా తొక్కితే వస్తాయి. రాకపోతే హోసు రంధ్రానికి సరిపడే నిపుల్ బిగించి గ్రీజు గన్‌తో నెట్టు. గాలి కొడితే పిస్టన్ తూటా మాదిరి ఎగురుతుంది, వేళ్లు పోతాయి. గ్రీజు వాడినాక లోపల మిగలకుండా స్పిరిట్‌తో కడుగు. కాలిపర్ రెండు సగాలను మాత్రం విప్పొద్దు, విప్పకుండానే సీళ్లు మారుతాయి. పిస్టన్ పైపూత మీద గోరు పెట్టి గీరు. గోరు తట్టుకునే గుంట ఒక్కటున్నా అది పనికిరాదు, స్టెయిన్‌లెస్ స్టీలు పిస్టన్లు తెప్పించుకో. లోపలుండే చదరపు సీలు పని ఆయిల్ ఆపడమే కాదు. నొక్కినప్పుడు వంగి, వదిలినప్పుడు తిరిగి నిలబడి, పిస్టన్‌ను ఒక వెంట్రుకవాసి వెనక్కి లాగేది కూడా అదే. ఆ సీలు కూర్చునే గాడి అడుగున తుప్పు ఉంటే సీలు వంగలేదు, ప్యాడ్ రాసుకుంటానే ఉంటుంది. కాబట్టి సీలు కూర్చునే గాడిని పిస్టన్ కంటే శ్రద్ధగా శుభ్రం చెయ్.

వెనక వీల్ సిలిండర్లకు లోపలి రబ్బరు కప్పులు మార్చి సర్దుకోవద్దు, రెండూ మొత్తంగా మార్చు. మాస్టర్ సిలిండర్ గొట్టంలో టార్చ్ వేసి చూసినప్పుడు అద్దంలా ఉంటే కొత్త సీళ్ల కిట్ వెయ్యి, మచ్చలుంటే మార్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల. మనోళ్లు బ్రేక్ ఆయిల్ అంటారు గానీ అది నూనె కాదు. ఆ పేరు పట్టుకోని ఎవరో ఒకరు ఇంజనాయిల్ పోస్తారు, లేదంటే పెట్రోల్‌తో, కిరసనాయిలుతో సీళ్లు కడుగుతారు. ఒక్క చుక్క తగిలినా రబ్బరు ఉబ్బి రెండు రోజుల్లో పాడవుతుంది. కడగడానికి స్పిరిట్, పూయడానికి ఎర్ర రబ్బరు గ్రీజు గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ. డాట్ 4 సీల్ ఉన్న బాటిల్ 1 లీటరు తీసుకో, తెరిచి పెట్టింది వద్దు. డాట్ 5 వేరే జాతి, సిలికాన్‌ది. దాన్ని దీంతో కలపొద్దు. పెయింటు మీద పడితే తుడవకుండా వెంటనే నీళ్లు పొయ్యి, లేకుంటే రంగు లేచిపోతుంది.

పైపులు తుప్పు పట్టింటే కాపర్-నికెల్ పైపు వేయించు, 3/16 అంగుళం సైజు. ఉత్త రాగి వద్దు, అదురుకు గట్టిపడి చీలుతుంది. నట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. నీ బండి నట్ల మర దారాలు అంగుళాల లెక్కవి, 3/8 అంగుళం యూఎన్ఎఫ్, అంగుళానికి 24 చుట్లు. మారుతి బండ్ల పైపు నట్లు మిల్లీమీటర్ల లెక్కవి, ఎం10. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మెకానిక్ బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కి దారం తెగుతుంది. ఏ నట్టయినా చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కాల, ఆ తర్వాతే పానా. బ్రేక్ లైటు స్విచ్చి కూడా పెడల్ దగ్గర ఉండదు, పైపులోనే ఉంటుంది. లీకు వెతికేటప్పుడు దాన్ని మర్చిపోవద్దు.

బ్రేక్ పైపుల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. అంతకంటే ముందు వెనక షూలు అడ్జస్ట్ చేసుకో, డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, చక్రం వదులుగా తిరిగేదాకా వెనక్కి. లేకుంటే గాలి ఎంత తీసినా పెడల్ పైకి రాదు. పాత మాస్టర్ సిలిండర్‌కే కిట్ వేసింటే పెడల్ కింద ఒక చెక్క దిమ్మె పెట్టు. రోజూ నడిచే దూరం దాటి సీలు ముందుకు పోతే, ఎప్పుడూ తాకని తుప్పు మీద రాసుకోని కొత్త సీలు అంచు కూడా చినుగుతుంది.

అయినాక పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకో. కాలి కింద మెల్లగా దిగిపోతా ఉంటే, బయట చుక్క లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ దాటిపోతోంది. ఇంకొకర్ని తొక్కమని, ప్రతి నట్టు కింద పొడి న్యూస్ పేపర్ ముక్క పెట్టి చూడు, కంటికి కనిపించని తడి కాగితం మీద మచ్చగా తేలుతుంది. రాత్రంతా వదిలి పొద్దున మళ్ళీ చూడు.

ఖాళీ మైదానంలో ముందు 20 వేగంలో, హ్యాండ్ బ్రేకు పనిచేస్తుందని తేల్చుకున్నాకే నడుపు. తర్వాత 50 నుంచి 10 దాకా మెత్తగా పది సార్లు ఆపు, మధ్యలో చల్లారనిచ్చుకుంటా. ఆగినాక ఒక్కో హబ్బు మీద నీళ్లు చిలకరించు. మూడు మామూలుగా ఉండి ఒకటి చుర్రుమంటే ఆ చక్రం బ్రేకు వదలడం లేదు. ఘాట్ వైపు మాత్రం నెల రోజులు పోవద్దు.

హోసుల రెండు చివర్ల కొలతలు, పాత పిస్టన్ వ్యాసం రాసి పంపు. బెంగళూరులో బండ్ల సామాన్లు దొరికే జేసీ రోడ్డుకు వచ్చే వారం పోతా, అక్కడ విచారిస్తా. డిస్కుల మందం కూడా నాలుగు చోట్ల కొలిచి రాయి, వాటి సంగతి చూసినాకే ప్యాడ్లు కొందాం.

నీ
మామ